మట్టి గోడలో రేపటి వాకిలి

"పుట్టినప్పటినుంచి మట్టి మిద్దెలోనే ఉంటిమి గదా నాయనా. ఇంకా మట్టి గోడలేనా మాకు?"

మా పెద్దమ్మ ఈ మాట అడిగిన రోజు నా చేతిలో పన్నెండు ఇళ్ల ప్లాను ఉంది. ధర్మవరానికి దగ్గర్లో పన్నెండు చేనేత కుటుంబాలు కలిసి ఎకరంన్నర నేల కొనుక్కున్నాయి. అందరూ మాకు అయినవాళ్లు, లేదంటే మా నాన్నతో పాటు మగ్గం నేసినవాళ్లు. వాళ్లలో ఇళ్లు కట్టించే పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ప్లాను బాధ్యత నా మీద పడింది. దిమ్మిస గోడలతో కడదాం అన్నాను. రెండు పలకల మధ్య తేమ మట్టి పోసి, దిమ్మిసతో పొర మీద పొర గట్టిగా కొట్టుకుంటూ లేపే గోడ అది. పెద్దమ్మ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఏడాదిన్నర తర్వాత ఇప్పుడు ఉంది. ఆమెకు చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె భయం ఉత్తది కాదు. వానలు గట్టిగా పడిన ఏ ఏడాదైనా సీమ జిల్లాల పేపర్లలో "మట్టిమిద్దె కూలి" అని మొదలయ్యే వార్త ఒకటి ఉంటుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ వానల్లో మా వైపు కూడా పాత మిద్దెలు నాని ఒరిగిపోయాయి. మట్టి ఇంటి చల్లదనం గురించి మురిసిపోతూ రాసేవాళ్లు ఈ వార్తలను పక్కన పెట్టేస్తారు. కింద పడుకున్న మనిషి మీద కప్పు కూలిన చోట చల్లదనం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

అసలు మిద్దె ఎందుకు కూలుతుంది? మా తాత మిద్దెను నేను దగ్గరుండి విప్పించాను. నా ఆలోచన అక్కడే మారింది. కప్పు మీద వాన దిగకుండా పరిచిన చౌడు మట్టి తవ్వుతుంటే ఒక పొర కింద ఇంకో పొర, రంగు కొంచెం మారి మళ్లీ ఇంకో పొర. ప్రతి ఏడూ వానాకాలం ముందు కారిన చోటల్లా నాలుగు తట్టల చౌడు పోసుకుంటూ పోయారు. పాత చౌడు తీసిన పాపాన ఎవరూ పోలేదు. గది నడుమ టేపు పెట్టి చూస్తే అడుగున్నర మందం! పది అడుగులకు పన్నెండు అడుగుల గది అది. లెక్కేస్తే ఎండిన మట్టి బరువే ఎనిమిది టన్నులు. నానితే ఇంకెంతో. ఆ బరువంతా మోస్తున్న దంతెలు పైకి నున్నగానే ఉన్నాయి కానీ, గోడలో దూరిన కొసలను చెదలు తినేశాయి. వేలితో నొక్కితే పొట్టు రాలింది. గోడ మాత్రం గునపానికి ఒక పట్టాన లొంగలేదు. నాలుగు గోడలు పడగొట్టడానికి ఇద్దరు కూలీలకు రెండు రోజులు పట్టింది.

అంటే మనం గోడ మీద వేస్తున్న నింద కప్పుది. కప్పు కూలితే మట్టి ఇల్లు కూలిందంటాం. నీళ్లు గోడ కాలు తినేస్తే మట్టి గోడ ఆగదంటాం. చైనాలో ఫుజియాన్ రాష్ట్రంలో హక్కా జనం కట్టుకున్న తులౌలు ఉన్నాయి. గుండ్రంగానో చదరంగానో ఊరంత పెద్ద ఇళ్లు, ఒక్కోదాంట్లో ఒక వంశమంతా ఉంటుంది. అవి దిమ్మిస కొట్టిన మట్టి గోడలే. 2008లో 46 తులౌలకు యునెస్కో వారసత్వ హోదా ఇచ్చింది. అక్కడ పడే వాన ముందు మా అనంతపురం వాన ఒక జల్లు. అయినా వందల ఏళ్లుగా నిలబడ్డాయి. కారణం కింద రాతి పునాది, పైన బాగా ముందుకొచ్చిన చూరు. గోడకు బూట్లూ గొడుగూ ఉంటే చాలు, ఒంటికి సిమెంటు పూయక్కర్లేదు.

ఇది నేను చదివి నమ్మిందే కాదు. మొదటి ఏడాది మా చేను గట్టున ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు గోడ ఒకటి కొట్టించి చూశాను. పైన కడప బండ కప్పాను. కింద మాత్రం రాయి పేర్చకుండా నేల మీదే మొదలుపెట్టాను. వానాకాలం అయ్యాక చూస్తే గోడ పైభాగం మీద పలక అచ్చులు కూడా చెరగలేదు. కింద అడుగు ఎత్తు వరకు మాత్రం కొరికినట్టు లోపలికి పోయింది. బండ అంచు నుంచి కారిన నీళ్లు నేల మీద పడి, చిట్లి గోడకు కొట్టాయి. పైనుంచి పడిన వాన కంటే కిందినుంచి ఎగిరిన చుక్కే ఎక్కువ నష్టం చేసింది. అందుకే ఇప్పుడు ప్లానులో ప్రతి గోడ కిందా నేలకు రెండడుగుల ఎత్తు రాతి కట్టడం ఉంది, పైన రెండున్నర అడుగుల చూరు ఉంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకుందాం, ఈ రెండింటి జోలికి వెళ్లొద్దని అందరితో ఒట్టేయించుకున్నాను.

సిమెంటు దగ్గర నాకు తోటి ఇంజనీర్లతోనే పేచీ. ఈ రోజుల్లో దిమ్మిస గోడ అంటే నూటికి ఐదు నుంచి ఎనిమిది పాళ్లు సిమెంటు కలపడం మామూలైపోయింది. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో మట్టి కట్టడాల మీద దశాబ్దాలుగా గొప్ప పని జరిగింది. అక్కడి వికాస్ ఇళ్లలో స్థలంలోనే తవ్విన మట్టిని కొద్దిగా సిమెంటు కలిపి పునాదులకూ ఇటుకలకూ వాడారు. అక్కడి వానకు, నాలుగంతస్తుల కట్టడానికి, పలచటి గోడలకు ఆ పద్ధతి సరే. మాకు మాత్రం ఆ లెక్క కుదరదు. ఎందుకో చెబుతాను.

మట్టి కట్టడాలు భూకంపాన్ని తట్టుకోవడం కోసం మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 13827, 1993 నాటిది. మట్టి గోడ ఎత్తు దాని మందానికి ఎనిమిది రెట్లు మించకూడదు అంటుంది అది. మా ఇళ్లలో మగ్గం ఉంటుంది. మగ్గం మీద చీర డిజైనుకు పోగులు ఎత్తే జకార్డు పెట్టె ఎత్తుగా కూర్చుంటుంది కాబట్టి గోడ పది అడుగులకు తగ్గితే పనికిరాదు. పది అడుగుల ఎత్తంటే పదిహేను అంగుళాల మందం. గోడ మందం తేల్చింది మగ్గమే. నాలుగు వందల చదరపుటడుగుల ఇంటికి బయటి గోడలు, నడిమి గోడ కలిపి, వాకిళ్లూ కిటికీలూ తీసేస్తే, దాదాపు వెయ్యి ఘనపుటడుగుల గోడ. బరువు 55 టన్నులు. ఐదు పాళ్లు సిమెంటు కలిపితే 55 బస్తాలు! అదే ఇంటిని తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో కట్టి, రెండు వైపులా పూత పూస్తే నా లెక్కలో సిమెంటు 40 బస్తాలు దాటలేదు. ఇటుక బట్టీలో తగలేసే బొగ్గు, పొట్టు వేరే సంగతి, అది ఇటుక ఖాతాలోనే రాయాలి. కానీ పర్యావరణం పేరు చెప్పి ఇటుక గోడ కంటే ఎక్కువ సిమెంటు మింగే గోడ కట్టి, దాన్ని మట్టి ఇల్లు అనడం నాకు సబబుగా అనిపించలేదు.

బస్తాల లెక్క కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. సిమెంటు కలిసిన మట్టి మళ్లీ మట్టి కాదు. పడగొడితే పనికిరాని ముక్కలుగా మిగులుతుంది, ట్రాక్టరుకెత్తి చెరువు కట్ట పక్కన పారబోయాలి. ఉత్త మట్టి గోడను పడగొడితే నీళ్లు చల్లి మళ్లీ దిమ్మిస కొట్టుకోవచ్చు. నా దృష్టిలో మట్టికున్న అసలు బలం చల్లదనం కాదు, చవక కూడా కాదు. మనసు మార్చుకోనిస్తుంది, అదీ దాని బలం.

నేతగాడి ఇంటికి ఈ గుణం ఎంత అవసరమో మా ఇంటి కథే చెబుతుంది. నాకు ఊహ తెలిసేటప్పటికి ఒక మగ్గం. పెద్దన్న చేతికొచ్చాక రెండోది పెట్టాం, అమ్మ వంటిల్లు వసారాలోకి జరిగింది. అన్నకు పెళ్లయ్యాక ఒక మగ్గం గుంట పూడ్చి, ఆ చోట మంచం వేశాం. తర్వాత నాన్నకు మోకాళ్లు పట్టేసి గుంటలో కూర్చోలేక స్టాండు మగ్గం కావాలన్నాడు. దానికి ఇంకాస్త ఎత్తు కావాల్సొచ్చింది. ఇరవై ఏళ్లలో ఒక ఇల్లు నాలుగు ఇళ్లయింది. ప్రతిసారీ ఏదో ఒక గోడకు బొక్క కొట్టాం, ఏదో ఒక వాకిలి మూశాం. ఏ గోడ కొట్టొచ్చో ఏది కొట్టకూడదో చెప్పినవాళ్లు లేరు. ఒకసారి దూలం కిందే కొట్టాం. ఏమీ కాలేదు, అదృష్టం.

అందుకని మా ప్లానులో నేను ముందు గీసింది రాబోయే మార్పుల్ని. గోడలు ఆ తర్వాత వచ్చాయి. ఆ ప్రమాణం ప్రకారమే వాకిలైనా కిటికీ అయినా నాలుగడుగుల వెడల్పు మించకూడదు, ఇంటి మూల నుంచి నాలుగడుగుల లోపు రాకూడదు. మా మందానికి పది అడుగులకొక అడ్డగోడ ఆసరా ఉండాలి. ఈ నియమాలు చేతులు కట్టేస్తాయని మొదట విసుక్కున్నాను. తర్వాత చూస్తే మాకు కావాల్సింది అదే. మూలలన్నీ దిమ్మిస గోడలు, వాటి జోలికి ఎవరూ పోరు. ప్రతి గది గోడలోనూ నడిమధ్య ఒక నాలుగడుగుల ఖాళీ వదులుతాం. ఇప్పుడు వాకిలి అక్కర్లేని చోట ఆ ఖాళీని పచ్చి ఇటుకతో, మట్టి అడుసుతో మూసేస్తాం. దాని పైన లింటల్ మాత్రం ఇప్పుడే వేస్తాం. ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే ఒకే పట్టీ అది, గోడల్లో సిమెంటు ఉన్నది అక్కడే. పదేళ్ల తర్వాత కొడుకు పెళ్లికి గది కలుపుకోవాలంటే ఇద్దరు మనుషులు, ఒక గునపం, ఒక పూట. రాలిన పచ్చి ఇటుక నానబెట్టి కొత్త గదికి వాడుకుంటారు. కరెంటు పైపులు, స్విచ్చు డబ్బాలు దిమ్మిస గోడలో వద్దని, అవీ ఈ పచ్చి ఇటుక పట్టీల్లోనే పెట్టాం. దిమ్మిస గోడను చెక్కడం ఎంత టెన్షనో ఒకసారి ఉలి పట్టుకున్న ఎలక్ట్రీషియనుకు తెలుస్తుంది.

నీళ్లు వాడే చోట మట్టి వద్దు. స్నానాల గది, మరుగుదొడ్డి, గిన్నెలు తోమే గట్టు అన్నీ పెరటి వైపు రాతి గోడలతో, ఇంటికి అంటీ అంటకుండా.

ముందే ఇంత ఖాళీ వదలాలన్న ఆలోచన నాది కాదు. ఇండోర్‌లో 1980ల్లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశి రూపకల్పన చేసిన అరణ్య కాలనీలో పేదవాళ్లకు పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. స్థలం, అరుగు, నీళ్లూ మరుగుదొడ్డీ ఉన్న చిన్న భాగం ఇచ్చి, మిగతాది చేతనైనప్పుడు చేతనైనట్టు కట్టుకోమన్నారు. ఎలా కట్టుకోవచ్చో చూపడానికి 80 నమూనా ఇళ్లు కట్టి పెట్టారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. నన్ను మెప్పించింది అవార్డు కాదు. ఇల్లు ఎప్పటికీ పూర్తవదని ఒప్పుకుని గీసిన ప్లాను అది.

దానికి ఎదురు కథ ఈజిప్టులో ఉంది. 1940ల్లో లక్సర్ దగ్గర పాత సమాధుల మీద కాపురముంటున్న గుర్నా జనాన్ని ఖాళీ చేయించి, వాళ్ల కోసం హసన్ ఫాతీ అనే మహానుభావుడు మట్టి ఇటుకలతో కొత్త ఊరు కట్టాడు. గుమ్మటాలు, వసారాలు, ఫొటోల్లో ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. జనం మాత్రం వెళ్లలేదు, ఊరు సగంలో ఆగిపోయింది. పాత చోటును, బతుకుతెరువును వదిలి పొమ్మంటే ఎంత అందమైన ఇల్లయినా ఎవరు పోతారు? ఫాతీ అంతటివాడికే అలా జరిగిందంటే, పెద్దమ్మ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ప్లాను పట్టుకు తిరుగుతున్న నేనెంత?

ఆమె ప్రశ్నలో గోడ గట్టిదనం ఒక్కటే లేదని తర్వాత్తర్వాత అర్థమైంది. మిద్దె అలకడం ఎవరి పని? ఆడవాళ్లది. వారం వారం పేడ, పండగకు ఎర్రమన్ను, సున్నం, వాన వెలిసినప్పుడల్లా పగుళ్లకు మెత్తడం. మట్టి ఇల్లు చవక అని మనం వేసే లెక్కలో ఆమె నడుం నొప్పి ఖరీదు ఉండదు. అరవై ఏళ్లు అలికిన మనిషి "ఇంకా మట్టేనా" అంటే దాన్ని వెనకబాటుతనం అనుకోవడం తప్పు, అది ఒంటికి తెలిసిన లెక్క. దిమ్మిస గోడకు పూత అక్కర్లేదు, పలక తీయగానే కనబడే పొరల అందమే దాని అందం. లోపల గోడకు దుమ్ము రాలకుండా సున్నం ఒక్కటి చాలు. నేల తాండూరు బండలు. పేడతో అలికే చోటు మగ్గం గుంట చుట్టూ నాలుగడుగులు, అదీ ఇష్టమైతేనే. చూరు, రాతి అరుగు సరిచూసే పని మాత్రం ఏటా మే నెలలో పన్నెండు ఇళ్ల మగవాళ్లు కలిసి చేయాలని రాసుకున్నాం. ఇది ప్లానులో భాగమే, సంతకాలతో సహా.

కప్పు దగ్గర నేను ఓడిపోయాను. బెంగుళూరు పెంకు వేద్దామన్నాను, తేలిక, చూరు బాగా వస్తుంది. "కోతులు ఒక్క పూటలో పగలగొడతాయప్పా" అని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. నిజమే, మా ఊళ్లో పెంకులు ఉన్నవాళ్లంతా రేకులకు మారింది కోతుల వల్లే. చివరికి కాంక్రీటు దూలాల మీద కడప బండలు పరిచి, పైన సున్నం గచ్చు వేద్దామని తేలింది. పెంకు కంటే బరువే, కానీ తాత మిద్దె చౌడుతో పోలిస్తే ఏపాటి? ఏటేటా పెరగదు కూడా.

ఇంకో మాట మా మామ అడిగాడు. "మట్టి గోడ చూసి పిల్లనెవరిస్తారప్పా?" అందరూ నవ్వారు కానీ ఆయన నవ్వలేదు. ఆయన ఊహించుకుని చెప్పింది కాదది. 2011లో జరిగిన సామాజిక ఆర్థిక కుల గణనలో ఒకే గది, కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న ఇల్లు లేమికి ఒక గుర్తు. మట్టి గోడంటే పేద, సిమెంటు గోడంటే పేద కాదు అని ఫారమే చెబుతుంటే, పెళ్లిచూపులకొచ్చిన వియ్యంకుడు మాత్రం వేరేలా ఎలా ఆలోచిస్తాడు? అప్పు కోసం వెళ్తే ఒక బ్యాంకులో గోడ దేనిదని అడిగి, మట్టి అనగానే ఫైలు మూసేశారు. ఎంత మందం, కింద ఏముంది, పైన ఏముంది అని ఒక్క ప్రశ్న లేదు. కచ్చా, పక్కా అన్న తేడాను గోడ ఏ పదార్థమో చూసి తేల్చడం ఆపాలన్నది నా వాదన. పునాది, చూరు, లింటల్ పట్టీ చూసి తేల్చాలి. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో సిమెంటు అంతస్తులు పేకల్లా కూలిన జిల్లాలోనే, బన్నీ పల్లెల్లో భుంగాలనే గుండ్రటి మట్టి ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. పదార్థం చూసి ఆ రోజు ఎవరు ఏం చెప్పగలిగేవారు?

అలాగని మట్టి ఎక్కడైనా పనికొస్తుందని నేననను. నల్లరేగడిలో వద్దు, అది నానితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. మాది ఎర్రమన్ను, గరప కలిసిన నేల. గాజు సీసాలో మట్టి వేసి నీళ్లు పోసి కుదిపి ఒక రాత్రి వదిలేస్తే, కింద ఇసుక, గరప, పైన సన్నటి బంక తేరుకుంటాయి. మా సీసాల్లో మూడొంతులు ఇసుకే. పిడికెడు తేమ మట్టి ఉండ చేసి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలు కావాలి. ముద్దగా ఉండిపోతే నీళ్లు ఎక్కువ, పొడి అయిపోతే తక్కువ. ఇక దిమ్మిస సంగతి. ఆరంగుళాల మట్టి పోసి కొట్టడం మొదలుపెడితే ముందు దబ్ దబ్ అని మెత్తటి చప్పుడు వస్తుంది. కొట్టగా కొట్టగా నాలుగంగుళాలకు దిగి, మోత మారి ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. రెండో నమూనా గోడ కొట్టేటప్పుడు ఆ మోత మారడం ముందు పట్టుకున్నది నేను కాదు, మగ్గం చప్పుడులో తేడా విని పోగు తెగిందని చెప్పగలిగే మా పెద్దనాన్న. "అది మారిందిరా, చాలు" అన్నాడు కుర్చీలోంచే. ఆయన చెప్పిన చోటల్లా గోరు గుచ్చి చూశాను, దిగలేదు.

చల్లదనం గురించి కూడా ఒక మాట చెప్పాలి, నేతగాళ్లకు అది సుఖం కోసం కాదు. ఏప్రిల్, మే ఎండలకు రేకుల కింద, స్లాబు కింద పట్టు పోగు ఎండి పెళుసవుతుంది, మాటిమాటికీ తెగుతుంది. తెగిన ప్రతి పోగూ అతకాలి, చీర ఆలస్యమవుతుంది, కూలి పోతుంది. అందుకే మా వాళ్లు తెల్లవారుజామునే మగ్గం ఎక్కి, ఎండెక్కేలోపు దిగిపోతారు. పదిహేను అంగుళాల మట్టి గోడ మధ్యాహ్నపు ఎండను రాత్రి దాకా లోపలికి రానివ్వదు. గాలిలో తేమ ఉన్నప్పుడు పీల్చుకుని, పొడిబారినప్పుడు వదులుతుంది. రోజుకు రెండు గంటలు ఎక్కువ నేయగలిగితే ఏడాదికి ఎన్ని చీరలో మా వాళ్లు నాకంటే ముందు లెక్కేశారు. బ్యాంకు వాళ్లు ఈ లెక్క అడిగి ఉంటే బాగుండేది.

పోయిన నెల స్థలంలో ముగ్గు పోశాం. కాగితం మీద ప్లాను ఎవరికీ ఎక్కలేదని, నేల మీదే అసలు కొలతలతో మొదటి ఇల్లు గీశాం. గోడలు సున్నంతో, మూసి ఉంచే రేపటి వాకిళ్లు ఇటుక పొడితో ఎర్రగా. మగ్గం చోట నాలుగు గూటాలు కొట్టి తాడు కట్టాం. జనం లోపల తిరిగారు, కూర్చున్నారు, వంటింట్లో ఎవరికి ఎవరు అడ్డొస్తారో చూసుకున్నారు. మగ్గం కిటికీకి కుడివైపు ఉంటే వెలుతురు చేతి మీద పడుతుందని తాడు రెండుసార్లు మార్చారు. పెద్దమ్మ మాత్రం బయటే నిలబడి చూసింది. అందరూ అటు జరిగాక లోపలికొచ్చి, ఎర్ర గీత దగ్గర ఆగి, ఇదేమిటని అడిగింది. చిన్నోడికి పెళ్లయితే ఇక్కడ వాకిలి వస్తుందని, అటు పక్క గది కట్టుకోవచ్చని చెప్పాను.

ఆమె కాసేపు ఆ గీతను, పడమటి వైపు ఖాళీ నేలను మార్చి మార్చి చూసింది. తర్వాత కొంగు దోపుకుని, తట్టలోంచి ఇటుక పొడి పిడికెడు తీసుకుని, వంటింటి గోడలో నేను వదలని చోట ఇంకో నాలుగడుగుల ఎర్ర గీత వేసింది. "ఆడపిల్ల పురిటికొస్తే యాడ పండుకుంటాది?" అంది.

మూల నుంచి కొలిచాను. నాలుగడుగుల రెండంగుళాలు ఉంది. ప్లానులో దిద్దుకున్నాను.